సూర్యుడిది కాని ప్రతిధ్వని

కరెంటు పోతే సంతోషించే జాతి ఒకటుంది. అది మా జాతి. మరమ్మతుల కోసం నెలకో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు ఆపుతామని పేపర్లో ముందే వేస్తారు కదా, ఆ వార్త చూసి హోసూరు మూకండపల్లిలో మా వీధి వీధంతా విసుక్కుంటుంటే నాకు మాత్రం ఇప్పటికీ లోపల్లోపల పండగే. ఉద్యోగం నుంచి దిగిపోయాను, ఇప్పుడు ఆ రోజుతో నాకేం పని లేదు. అయినా విసనకర్రతో విసురుకుంటూ “అబ్బ, ఇవాళ గుట్ట మీద ఎంత బాగా వినిపిస్తుందో” అనుకుంటాను. ఇంట్లోవాళ్ళు నన్ను మామూలు మనిషి కింద జమకట్టడం ఎప్పుడో మానేశారు.

నేను రేడియో మనిషిని. పాటలొచ్చే రేడియో కాదు. సూర్యుడి నుంచి, గ్రహాల నుంచి వాటంతట అవే వచ్చే రేడియో తరంగాలను పట్టుకుని, నేల లోపలా మంచు అడుగునా ఏముందో వెతికే పని. ఉద్యోగం బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో, కాపురం హోసూరులో. నా జీవితంలో ఒక పెద్ద భాగం అత్తిబెలె టోల్‌గేటు దగ్గర ఆగిన బస్సులో గడిచిపోయింది. ప్రమోషన్ల గురించి రాయను, వాటిమీద నాకే ఆసక్తి లేదు. పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్‌గా ఈ పనిలోకి రాబోయే పిల్లలు “ఇది నిజంగా ఎట్లా ఉంటుంది మేడమ్” అని అడుగుతుంటారు. వాళ్ళకోసం ఒక ప్రతిధ్వని సంగతి చెబుతాను. అందులో దాదాపు అన్నీ వచ్చేస్తాయి.

చప్పుడుతో చూడటం

గురుగ్రహం చుట్టూ మంచు కప్పుకున్న చందమామలున్నాయి. ఆ మంచు కింద సముద్రం ఉందని చాలామంది నమ్మకం. చూడాలంటే మంచులోకి రేడియో తరంగాలు పంపి, అడుగు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని వినాలి. చిక్కేమిటంటే, గురుగ్రహం తనే పెద్ద గోలమారి. దాని రేడియో హోరులో మనం పంపిన చిన్న కూత వినబడదు.

అప్పుడు కొందరికి ఒక ఆలోచన వచ్చింది. మన కూత ఎందుకు, ఆ హోరునే వాడుకుంటే పోలా? గురుగ్రహం చప్పుడు మన పరికరానికి ఒకసారి నేరుగా వస్తుంది, ఇంకోసారి మంచు లోపల తగిలి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం ఎంతో తెలిస్తే లోతు తెలిసినట్టే. దొంగ చేతికే తాళాలిస్తారా అని మొదట్లో మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళున్నారు.

మా అత్తగారికి దీన్ని ఇలా చెప్పాను. మనింట్లోనూ పక్కింట్లోనూ ఒకే టీవీ సీరియల్ పెట్టారు. పక్కింటిది అరక్షణం వెనక వినిపిస్తుంది. వాళ్ళు ఏ భాషలో ఏడుస్తున్నారో అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఒకే ఏడుపు రెండుసార్లు వచ్చిందని పోల్చుకోగలిగితే చాలు. మేం చేసేది అదే. రికార్డు చేసిన చప్పుడును దానిమీదనే కొంచెం కొంచెంగా జరిపి చూస్తాం. ఎక్కడ రెండూ కుదురుతాయో అక్కడ కంప్యూటరు గీతలో ఒక శిఖరం లేస్తుంది. అదే ప్రతిధ్వని గుర్తు.

గురుగ్రహం దాకా పోయే ముందు ఇక్కడ భూమ్మీద చేసి చూపించాలి. ఇక్కడ మా గోలమారి సూర్యుడు. కెలమంగలం అవతల ఒక పెద్ద చెరువు, దాన్ని ఆనుకుని నిలువుగా లేచిన బండగుట్ట ఉన్నాయి. గుట్ట కొమ్మున యాంటెన్నా పెడితే సూర్యుడి చప్పుడు ఒకసారి నేరుగానూ, ఒకసారి నీళ్ళమీద పడి ఎగిసీ వస్తుంది. నేను పుట్టింది ఆ పక్క ఊళ్ళోనే కాబట్టి ఆ చోటు వెతికిపెట్టిన ఘనత నాది.

గుట్ట కింది భూమి మునిరాజప్పది. ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవాడు, ఇప్పుడు ప్లాస్టిక్ కప్పు కింద రోజాలు పెంచుతాడు. మేం చేసేదంతా విని ఆయన యాంటెన్నా వైపు చూపిస్తూ ఒక్కటే అడిగాడు.

“అదంతా సరే అమ్మా, నా బోర్లో నీళ్ళు ఎంత లోతులో ఉండాయో చెప్తాదా ఈ కమ్మి?”

చెప్పదన్నాను.

“అయితే ఇంకేమి సదువమ్మా మీది!” అని నవ్వి, దారికి అడ్డమున్న ముళ్ళకంప తీయించాడు.

రెంటికీ చెడ్డ రేవడి

పోస్ట్‌డాక్ అంటే ఏమిటో మీ ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి ప్రయత్నించకండి. విద్యార్థి కాదు, ఉద్యోగీ కాదు. పని మాత్రం ఇద్దరిదీ చేయాలి. మా దగ్గర చేరిన రేవతిది సామల్పట్టి. నాన్న మేస్త్రీ పని చేస్తాడు. ఆమె ఊరికి పోయినప్పుడల్లా స్టేషన్లో రైలు దిగీ దిగకముందే ఎవరో ఒకరు “ఇంకా సదువుతానే ఉండావా అమ్మా?” అనేవారట. ఔనంటే జాలి, కాదంటే మరి జీతం ఎంత అనే ప్రశ్న.

రేవతి మాట తక్కువ, పట్టు ఎక్కువ. అందరి ముందు నన్ను మేడమ్ అనేది, మేమిద్దరమే ఉంటే అమ్మా అనేది. చేరిన కొత్తలో ఆమె అడిగే ప్రశ్నలకు నాకు చిరాకేసేది, తర్వాత అవి లేని రోజు తోచేది కాదు.

ఆమె గడువు ఆ మార్చితో అయిపోతుంది. ఫిబ్రవరి చివర ఒక సమీక్ష ఉంది. గ్రహయాత్రకు పంపాలనుకునే పరికరాల్లో దేన్ని కట్టాలో ఆ కమిటీ తేలుస్తుంది. మా పెట్టెకు చోటు దొరికితే ప్రాజెక్టు నడుస్తుంది, రేవతి ఉంటుంది. దొరక్కపోతే రెండూ ఉండవు. అన్ని సంవత్సరాల పని అటకెక్కుతుంది.

మా పెద్దసారు

మా బృందానికి పెద్ద శేషగిరిగారు. గోదావరి పక్కనుంచి వచ్చిన మనిషి, మంచి గొంతు, మంచి మనసు. సంతోషం వస్తే ఆగలేడు. జనవరిలో గీత మీద శిఖరం కనబడగానే ఆయన మైసూర్‌పాక్ తెప్పించి అందరికీ పంచాడు, మరునాడే కమిటీ వాళ్ళకు బొమ్మ చూపించేశాడు. అంత స్పష్టమైన శిఖరం మేమెవరం అనుకోలేదు. సన్నగా, నిటారుగా, రోజూ ఒకే చోట.

మేం రోజూ మధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే కొలిచేవాళ్ళం. చప్పుడు అప్పుడే గట్టిగా అందుతుంది కాబట్టి. చూడ్డానికి మంచి తెలివే. కానీ ఆ వేళలో సూర్యుడు ఎక్కీ దిగీ ఉండడు, ప్రతిధ్వని ఆలస్యం కూడా ఇంచుమించు మారదు. అంటే నిజమైన ప్రతిధ్వనికీ దొంగదానికీ తేడా తెలియని వేళనే ఏరి కోరి పట్టుకున్నామన్నమాట. ఇంత చదువుకుంటే తప్ప ఇలాంటి పొరపాటు చేయలేం.

శేషగిరిగారు మోసం చేశాడని నేను ఎప్పుడూ అనను. నా మాట ఏమిటంటే, మీరు మోసగాడి కంటే ఆశపడిన మనిషితో ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. మోసగాడికి తను చేసేది తెలుసు.

ఎద్దులు ఆపిన దారి

ఇంకో చోటు చూద్దామని సామాను వ్యాన్లో వేసుకుని నేనూ రేవతీ కృష్ణగిరి డ్యాం దగ్గరికి వెళ్ళాం. అక్కడ పని కుదరలేదు. మరునాడు రాయకోట మీదుగా కెలమంగలానికి బయల్దేరితే నడిమధ్య ఒక ఊళ్ళో ఎద్దులు విడిచే పండగ. వీధికి రెండువైపులా కట్టెలు కట్టి, కొమ్ములకు రంగులు పూసి, తట్టలనే అలంకార పలకలు తగిలించిన ఎద్దుల్ని ఒక్కొక్కటే వదులుతున్నారు. మనుషులు మిద్దెల మీద, చెట్ల మీద, మా వ్యాన్ మీద కూడా. నేను దిగి వాదించబోయాను. ఒక పెద్దాయన నన్ను చూసి నవ్వాడు.

“ఎద్దుకి చెప్పమ్మా, నీకి దారి ఇడిస్తే పో. మేము అడ్డం లేము.”

పండగ సద్దుమణిగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. గుట్ట మీదికి చేరినప్పుడు పొద్దు బాగా వాలింది. వచ్చినాం కదా, ఊరికే పోవడం దేనికని కొలత తీశాం. శిఖరం వచ్చింది. నేను సామాను సర్దుతున్నాను. రేవతి మాత్రం తెర ముందునుంచి లేవలేదు.

“అమ్మా, ఇట్ల రా. ఇది ఆడనే ఉండాది.”

“ఎక్కడ?”

“రోజూ ఉండే తావునే. పొద్దు ఇంత దిగింది కదా, ఇది యెందుకు దిగల్లేదు?”

సూర్యుడు వాలితే నీళ్ళ మీదుగా వచ్చే చప్పుడుకు పట్టే అదనపు దారి తగ్గుతుంది. ప్రతిధ్వని ముందుకు జరగాలి. ఇది మేకు కొట్టినట్టు ఉంది. ఏదో కదలని వస్తువు చేసే చప్పుడూ, దాని ప్రతిధ్వనీ. సూర్యుడిది కానే కాదు.

ఆఫీసులో చెబితే పెద్దసారు ఒప్పుకోలేదు. “ఒక్క రోజు, అదీ ఆలస్యంగా పోయి, గాలికి ఊగే యాంటెన్నాతో తీసిన కొలత. దాన్ని పట్టుకుని మంచి కొలతలన్నీ పారేయమంటావా అమ్మాయ్? నీ ఉద్యోగం సంగతి ఆలోచించావా?”

“ఆలోచించినాను సార్. రాత్రంతా అదే ఆలోచించినాను” అంది రేవతి. “అయినా అది సూర్యుడిది కాదు.”

కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటే ఏమిటో నేను ఆ గదిలో చూశాను. ఆమె మాట మార్చలేదు. నేను ఆమె పక్షాన మాట్లాడాను. చివరికి పెద్దసారు, సమీక్షకు ముందే కెలమంగలం వైపు కరెంటు ఆపే రోజు ఉంది కదా, ఆ రోజు తేల్చుకుందామన్నాడు. కరెంటు వస్తువుల రేడియో రొదంతా ఆగి, ఊరంతా ఆరిపోయినా శిఖరం ఉంటే అది సూర్యుడిదే. లేకపోతే కాదు. న్యాయంగానే అనిపించింది.

కరెంటు లేని రోజు

ఆ రోజు పెద్దసారు కూడా వచ్చాడు. కరెంటు పోగానే గుట్ట మీద ఫోన్లు కూడా ఆపేయించాం. గీత మెల్లగా తేలింది. శిఖరం ఉంది, అదే చోట, అంతే ఎత్తున.

“చూశావా!” అన్నాడాయన, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి. “కనుచూపు మేర కరెంటు లేదు. ఇంకేం కావాలి నీకు?”

నిజం చెప్పాలంటే నాకూ బరువు దిగినట్టయింది. ఉద్యోగం నిలిచింది, పరువు నిలిచింది, ఇక ఇంటికి పోయి పడుకోవచ్చు అనుకున్నాను. రేవతి లేచి గుట్ట అంచుకు పోయి నిలబడింది.

“సద్దు వినబడతాందా అమ్మా?”

మేం రేడియో వాళ్ళం అన్నీ పరికరంతోనే వింటాం, చెవులున్న సంగతి మరిచిపోతాం. చెవి పెడితే కింద రోజాతోట పక్కనుంచి జెనరేటర్ ఒకే తీరుగా గురగురమంటోంది.

దిగి వెళ్ళాం. ప్రేమికుల రోజు దగ్గర పడింది. మునిరాజప్ప పూలన్నీ కోయించి బకెట్లలో శీతల గదిలో పెట్టుకున్నాడు. కరెంటు ఉంటే కరెంటుతో, లేకపోతే జెనరేటర్‌తో ఆ గది యంత్రం ఆగకుండా నడుస్తుంది. కొత్తరకం మోటారు, దాని వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె రేడియోలో వెదజల్లే రొద అంతా ఇంతా కాదు. ఆ రొద మా యాంటెన్నాకు నేరుగా ఒకసారి, ఎదుటి బండకు తగిలి ఒకసారి వస్తోందని రేవతి అనుమానం. అది తేలాలంటే గది ఆపాలి.

“పొద్దు దిగేదాక ఆపితే సాలు మునిరాజప్పా” అంది.

ఆయన ముఖం మారిపోయింది. “ఏమి మాట్లాడతావమ్మా? సంవత్సరమంతా ఈ పూటకే చూస్తాము. మీ సూర్యుడు రేపు గూడా వస్తాడు. నా రోజాలు రేపు వస్తాయా?”

సూర్యుడు రేపూ వస్తాడు నిజమే, కానీ ఊరంతా ఆరే రోజు మళ్ళీ వచ్చేసరికి సమీక్ష అయిపోతుంది. ఆపమని అడిగే హక్కూ మాకు లేదు. పెద్దసారు కావాలంటే “సరే, పదండి” అని వెనక్కి తిరగవచ్చు. చేతిలో శిఖరం ఉంది, పరీక్షలో నెగ్గింది కూడా.

నాకు మునిరాజప్ప పాత పట్టుపురుగుల షెడ్డు కనబడింది. మట్టిగోడలు, తాటాకు కప్పు. మా అమ్మ ఎండాకాలంలో ఇలాంటి షెడ్డులోనే తడి గోనెపట్టలు వేలాడదీసి పురుగుల్ని కాపాడేది.

“పూలు దాంట్లో పెడదాము. గోనెలు తడిపి మేమే కడతాము” అన్నాను.

“దాంట్లో పురుగులు పెట్టి రొంబ నాళ్ళయింది వనజమ్మా.”

“పురుగులకి సల్లగుండింది పూలకి సల్లగుండదా అప్పా?”

ఆయన పెదవి విరిచాడు. అప్పుడు పెద్దసారు బూట్లు విప్పేశాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గది తలుపు దగ్గర నిలబడి, “మీరు ఊఁ అంటే మొదటి బకెట్టు నేను మోస్తాను. ఒక్క పువ్వు వాడినా నాదే పూచీ” అన్నాడు. మునిరాజప్ప ఆయన తెల్లటి కాళ్ళకేసి చూసి నవ్వాపుకోలేకపోయాడు.

“సరే కానీండి. నీళ్ళు తొణక్కుండా మొయ్యండి సార్.”

ముందు గోనెలు తడిపి కట్టాం. తర్వాత అందరం మోశాం. ఈ పనిలో నేను చేసిన అతి మంచి ప్రయోగాల్లో సగం సేపు బకెట్లు మోయడమే.

గది ఆగింది. గుట్టెక్కి చూస్తే శిఖరం లేదు. గీత చదునుగా ఉంది. పెద్దసారు దాన్ని చూశాడు. తిట్టలేదు, వాదించలేదు. “ఊఁ” అన్నాడు. ఆ ఒక్క అక్షరం అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

రేవతే నన్ను ఓదార్చింది.

“ఉంటే వస్తాదిలేమ్మా. లేకుంటే లేదని చెప్తాము.”

బలహీనమైన ప్రతిధ్వని ఒక్కసారిగా రాదు. చప్పుడు మీద చప్పుడు పేర్చుకుంటూ పోవాలి. అలా పేరుస్తూ కూర్చున్నాం. చదును గీతలో ఒక చోట చిన్న బొడిపె. ఉందా, ఉందనుకుంటున్నామా అన్నంత చిన్నది. పొద్దు వాలేకొద్దీ అది ఎడమకు, అంటే ఆలస్యం తగ్గేవైపు, జరుగుతోంది.

“కదులుతోంది” అన్నాడు పెద్దసారు. ఆయన కళ్ళలో నీళ్ళు. “అమ్మాయ్, ఇది కదులుతోంది.”

పూలు వాడలేదు. ఆ సంగతి మునిరాజప్ప ఇప్పటికీ తన ఘనతగానే చెప్పుకుంటాడు.

సమీక్ష

ఇక్కడ నా ఉద్దేశం ఒకటి చెప్పాలి. మంచి బాసు అంటే తప్పు చేయనివాడు కాదు, అలాంటివాణ్ణి నేను చూడలేదు. సమీక్షలో శేషగిరిగారు ముందు తనే లేచాడు. “జనవరిలో నేను మీకు చూపించింది సూర్యుడి ప్రతిధ్వని కాదు. రోజాపూల శీతల గదిది” అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వు అయిపోయేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. తర్వాత “ఇది పట్టుకున్న మనిషి చెబుతుంది” అని రేవతిని పిలిచి తను వెనక వరుసలో కూర్చున్నాడు.

కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరినీ సులువుగా వదలరని పేరు. “పోయినసారిది అంత పెద్ద శిఖరం, అబద్ధమంటున్నారు. ఇది ఇంత చిన్న బొడిపె, నిజమంటున్నారు. మేమెందుకు నమ్మాలి?” అని అడిగారు.

“నమ్మొద్దు సార్” అంది రేవతి. “మీరు ఏ రోజు రావాలంటే ఆ రోజుకి, ఏ వేళకి ఇది ఎక్కడ ఉండాలో ముందే గీసి మీ చేతికి ఇస్తాను. వచ్చి చూడండి. ఆ గీత మీద లేకపోతే మా పెట్టెను తీసేయండి.”

ఒక్క రోజు, చెరువు మీద గాలి లేచి నీళ్ళు కదిలినా చాలు, అంతా పోతుంది. కానీ ఆయన ముఖంలో మొదటిసారి ఆసక్తి కనబడింది. వస్తానన్నారు.

వచ్చారు. పూల కాలం అయిపోవడంతో మునిరాజప్ప తనే గది ఆపాడు, గుట్టెక్కి వచ్చి మా వెనక కూర్చున్నాడు. చుట్టుపక్కల కరెంటు ఉన్నా, గది ఆగితే మిగతా రొదను వేరుచేయడం రేవతి అప్పటికే నేర్చుకుంది. ఆ పెద్దాయన రేవతి గీసిచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని, తెర మీద బొడిపె ఎక్కడుందో చూసి పెన్సిలుతో తనే చుక్క పెట్టుకుంటూ వచ్చారు. మొదటి చుక్క గీత పక్కన పడింది. రేవతి పెదవి కొరుక్కుంది. రెండోది గీత మీద పడింది. ఆ తర్వాతవి పొద్దు వెంబడి ఒకదాని కింద ఒకటి గీత పట్టుకుని దిగాయి. ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

“పెట్టె కట్టండి” అన్నారు. “ఈ అమ్మాయిని ఎక్కడికీ పోనివ్వకండి.”

రేవతి బండ మీద కూలబడి భోరుమంది. మునిరాజప్పకు ఏం జరిగిందో తెలియక “ఏమైందప్పా, పోయిందా?” అని కంగారుగా అడిగాడు. లేదు, నిలిచింది అని చెప్పాను. పెద్దసారు ఎటు చూడాలో తోచక కేబులు చుట్టడం మొదలుపెట్టాడు. రేవతి కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన చేతిలో కేబులు చూసింది.

“చుట్టొద్దు సార్. పొద్దు ఇంకా ఉండాది” అంది.

ఆయన చుట్టిన కేబులు విప్పాడు. అందరం మళ్ళీ కూర్చున్నాం.